పెద్దమ్మకు కేన్సర్ ఎందాకా పాకిందో ఓపిగ్గా తేల్చి చెప్పిన ఓపీ

ఈ రివ్యూలో ఆస్పత్రి పేరు రాయడం లేదు. పెద్దమ్మ నన్ను అడిగింది ఆ ఒక్కటే. మా ఊరు నిజామాబాద్ వైపు. ఆస్పత్రి, జబ్బు, పేషెంటు వయసు మూడూ ఒకచోట కనబడితే ఇది ఎవరి సంగతో చుట్టాలు ఇట్టే పట్టేస్తారని ఆమె భయం. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేట్ కేన్సర్ ఆస్పత్రి అని మాత్రం చెప్పగలను. పెద్దమ్మకు వచ్చింది గర్భాశయ ముఖద్వార కేన్సర్, అంటే గర్భసంచి మూతి దగ్గర వచ్చేది. పేరు లేని రివ్యూ దేనికి పనికొస్తుందని అడగొచ్చు. స్త్రీల కేన్సర్ల విభాగానికి వెళ్తే అక్కడ ఏం జరగాలి, ఏం అడగాలి అన్నది ముందే తెలిస్తే ఏ ఆస్పత్రికి వెళ్లినా పనికొస్తుంది. నేను రేటింగ్ ఇస్తున్నది కూడా ఆ పనికే. బిల్డింగుకు, లాబీలో సోఫాలకు మార్కులు వేయడం లేదు.

పెద్దమ్మకు అరవై దాటాయి. నెలసరి ఆగిపోయి పదేళ్ల పైమాట. అలాంటిది పోయిన ఏడాది మళ్లీ ఎరుపు కనబడటం మొదలైంది, దాంతోపాటు వాసనతో తెల్లబట్ట. అక్కడ దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో నెలల తరబడి మాత్రలు ఇచ్చారు. తగ్గకపోయేసరికి "వయసైపోయింది కదా, గర్భసంచి తీసేద్దాం" అని ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చేశారు. ముఖద్వారం దగ్గర లైటు వేసి చూడలేదు, ముక్క తీసి బయాప్సీకి పంపలేదు. ఈ సంగతి ఫోన్‌లో వినగానే నాకు గుండె ఝల్లుమంది. నేను హైదరాబాద్ తార్నాకలో ఉంటాను, స్కూల్లో పిల్లలకు బయాలజీ చెప్తాను. డాక్టర్ని కాదు గానీ, నెలసరి ఆగిపోయిన తర్వాత బ్లీడింగ్ అయితే ముందు కేన్సర్ లేదని తేల్చుకోవాలన్న మాట మాత్రం తెలుసు. ఆపరేషన్ ఆపించి, పెద్దమ్మను బస్సెక్కించమన్నాను. జేబీఎస్ బస్టాండులో దించుకున్నాను.

ఇది ఎందుకంత పట్టి చెప్తున్నానంటే, ఈ విభాగంలో డాక్టర్ మేడమ్ కూడా మొదట దాని గురించే మాట్లాడారు. గర్భాశయ ముఖద్వార కేన్సర్ ఉందో లేదో చూడకుండా మామూలు పద్ధతిలో గర్భసంచి తీసేస్తే కేన్సర్ చుట్టుపక్కల మిగిలిపోవచ్చు. ఆ తర్వాత చికిత్స ఇంకా కష్టమవుతుంది. కణితి పెద్దదై పక్కకు పాకి ఉంటే అసలు ఆపరేషనే సరైన దారి కాదు, కీమోతో కలిపి రేడియేషన్ ఇవ్వాలి. మా జిల్లాల్లో ఆడవాళ్లకు గర్భసంచులు ఎంత తేలిగ్గా తీసేస్తున్నారో అందరికీ తెలిసిందే. ఆ ఆపరేషన్‌కు ముందు ముఖద్వారం కణాలు తీసి చూసే ఒక్క పాప్ స్మియర్, అవసరమైతే ఒక్క బయాప్సీ చేయించమని అడగడం మన హక్కు.

ఇక ఓపీ సంగతి. రిజిస్ట్రేషన్ కౌంటర్ బాగాలేదు. అక్కడి అబ్బాయి లైన్లో అందరి ముందు "ఏం ప్రాబ్లం?" అని గట్టిగా అడిగాడు. పెద్దమ్మ తల దించుకుంది, నేనే మెల్లగా చెప్పాను. టోకెన్ స్క్రీన్ మీద పేషెంటు పూర్తి పేరు, పక్కనే విభాగం పేరు పడుతున్నాయి. ఇలాంటి జబ్బుతో వచ్చే ఆడవాళ్లకు అది ఎంత ఇబ్బందో ఎవరికీ తట్టినట్టు లేదు. నంబరు ఒక్కటి చాలు కదా. వెయిటింగ్ కూడా చాలా ఎక్కువ. పొద్దున వెళ్తే మధ్యాహ్నం భోజనం వేళకు గానీ లోపలికి పిలవలేదు. షుగర్ ఉన్నవాళ్లను తీసుకెళ్తే తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి.

లోపల గదిలోకి వెళ్లాక మాత్రం వేరే లోకం. పరీక్ష చేసే మంచం చుట్టూ తెర ఉంది, ఒక నర్సమ్మ పక్కనే నిలబడి పెద్దమ్మ చేయి పట్టుకుంది. మేడమ్ ప్రతి పనీ చేసే ముందు చెప్పి చేశారు. "అమ్మా, ఇప్పుడు లోపల చూస్తా. తర్వాత వెనక దారి నుంచి కూడా వేలు పెట్టి చూడాలి. కొంచెం ఇబ్బందిగా ఉంటది గానీ, పక్కన గోడల దాకా పాకిందో లేదో చేతికి తెలిసేది అట్లనే" అన్నారు. ముగ్గురు పిల్లల్ని కన్న మనిషి, ఏనాడూ ఏ డాక్టరూ ఇలా చెప్పి చేయలేదట. బయటికి వచ్చాక నాతో అన్న మాట: "సిగ్గైంది గానీ బిడ్డా, మనిషి లెక్క చూసింది నన్ను." నా రేటింగ్‌లో సగం ఆ మాటకే.

అదే రోజు ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చాక ఎంఆర్‌ఐ, అందులో ఒక లింఫ్ గ్రంథి (కేన్సర్ కణాలు ముందుగా చేరే చిన్న గింజలాంటి గ్రంథి) అనుమానంగా కనబడటంతో, ఒళ్లంతా ఎక్కడెక్కడ పాకిందో చూసే పెట్ సీటీ స్కాన్. పెట్ స్కాన్‌కు ఆరు గంటలు ఏమీ తినకుండా ఉండాలి. షుగర్ అదుపులో లేకపోతే స్కాన్ సరిగా రాదు, అందుకని షుగర్ మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో, ఎప్పుడు ఆపాలో ముందు రోజే ఫోన్ చేసి చెప్పారు. ఇంజెక్షన్ ఇచ్చాక గంట సేపు కదలకుండా, ఎక్కువ మాట్లాడకుండా కూర్చోబెట్టారు. ఆ రోజు చిన్నపిల్లలకు, గర్భిణులకు కొంచెం దూరంగా ఉండమన్నారు. మా ఆడపడుచు కూతురు నెలలు నిండి మా ఇంట్లోనే ఉంది, అందుకే ఆ ఒక్క పూట పెద్దమ్మను పక్కింట్లో ఉంచాం. ఖర్చు మామూలు సీటీ కంటే చాలా ఎక్కువ. అది ఎందుకు అవసరమో చెప్పాకే డబ్బు కట్టమన్నారు. ఎంఆర్‌ఐ దగ్గర బట్టలు మార్చుకునే చోటు మాత్రం అధ్వానం. ఆడా మగా ఒకే నడవలో నుంచి పోవాలి, మధ్యలో ఒక సన్నటి తెర.

రిపోర్టులన్నీ వచ్చాక జరిగిన మాటల కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

పెద్దమ్మ కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, "అమ్మకు చెప్పకు చెల్లె, తట్టుకోలేదు. డాక్టర్‌తోటి నువ్వొక్కదానివే మాట్లాడు" అన్నాడు. నేను మేడమ్‌కు అదే చెప్పాను. ఆమె కాసేపు ఆగి, పెద్దమ్మ వైపు తిరిగి అడిగారు: "అమ్మా, మీ రిపోర్టులు మీతోనే మాట్లాడాల్నా, మీ బిడ్డతో మాట్లాడాల్నా?" పెద్దమ్మ ఏ మాత్రం తడుముకోలేదు. "నా పానం సంగతి నాకు చెప్పుండ్రి మేడం. ఏడిదాక వోయిందో దాచకుండ్రి" అంది. అప్పుడు మేడమ్ తెల్ల కాగితం తీసుకుని, తలకిందులుగా పెట్టిన జామకాయలా గర్భసంచి బొమ్మ గీశారు. కింది సన్నటి మూతి దగ్గర గుండ్రంగా చుట్టి, "ఇది మొదలైన చోటు" అన్నారు.

ఈ కేన్సర్ ఎంతవరకు పాకి ఉంటుందన్నది కొన్ని విషయాల మీద ఆధారపడుతుందని ఒక్కొక్కటే చెప్పారు. నేను ఇంటికొచ్చి చదివి సరిచూసుకున్నాను. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

మొదటిది కణితి సైజు. స్టేజీలు కట్టే పద్ధతిలో రెండు సెంటీమీటర్లు, నాలుగు సెంటీమీటర్లు అని గీతలు ఊరికే పెట్టలేదు. నాలుగు దాటిందంటే లింఫ్ గ్రంథుల్లోకి పోయి ఉండే అవకాశం బాగా పెరుగుతుంది. పెద్దమ్మది నాలుగు దాటింది. రెండోది, కణితి లోతుకు ఎంత దిగింది, కణాలు సన్నటి రక్తనాళాల్లోకి, లింఫ్ నాళాల్లోకి దూరాయా లేదా అన్నది. దూరితే అవి ప్రయాణం కట్టినట్టే. బయాప్సీ రిపోర్టులో దీని గురించి ఒక లైను ఉంటుంది. చిన్న ముక్కలో అన్నిసార్లూ తెలియకపోవచ్చు గానీ, ఉంటే మాత్రం డాక్టర్లు దాన్ని చాలా గట్టిగా పట్టించుకుంటారు.

మూడోది కణం రకం. ఎక్కువ మందికి వచ్చేది పైపొర కణాల నుంచి పుట్టే స్క్వామస్ రకం, పెద్దమ్మదీ అదే. గ్రంథి కణాల నుంచి పుట్టే అడినోకార్సినోమా అని ఇంకో రకం ఉంది. అది ముఖద్వారం లోపలి గొట్టంలో పైకి దాక్కుని పెరుగుతుంది కాబట్టి కంటికి తొందరగా దొరకదు. దూరపు అవయవాలకు పోయే గుణం కూడా దానికి కొంచెం ఎక్కువ. స్మాల్ సెల్ అని చాలా అరుదైన రకం ఉంది, అది ముఖద్వారంలో చిన్నగా ఉన్నప్పుడే ఊపిరితిత్తులకో కాలేయానికో పోగలదు. అందుకే "కేన్సర్ అంటగా" అని ఆగిపోకుండా "ఏ రకం?" అని అడగాలి. మా స్కూల్లో ఒక టీచరమ్మ తన చెల్లెలికి చికిత్స మొత్తం అయిపోయింది గానీ ఏ రకమో ఇప్పటికీ తెలియదంది. నాకు చాలా బాధేసింది.

నాలుగోది గ్రంథులు. ముందు కటి భాగంలోని లింఫ్ గ్రంథులకు, అక్కడి నుంచి పైకి, నడుము దగ్గర పెద్ద రక్తనాళం పక్కనున్న గ్రంథులకు పోతుంది. ఆ తర్వాతే సాధారణంగా ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు. పై గ్రంథులు పట్టుకున్నాయంటే ఇంకా దూరం పోయి ఉండొచ్చని అనుమానించాలి. అందుకే మేడమ్ పెట్ సీటీ రాశారు. గ్రంథులు అంత ముఖ్యం కాబట్టే ఫిగో అనే ప్రపంచ గైనకాలజీ సమాఖ్య 2018లో స్టేజీల పద్ధతి మార్చి, గ్రంథుల్లోకి పాకితే దాన్ని 3సి అని వేరుగా పెట్టింది. అంతకు ముందు స్టేజీ ప్రధానంగా చేత్తో చూసి, మామూలు పరీక్షలతో కట్టేవాళ్లు. ఇప్పుడు ఎంఆర్‌ఐ, పెట్ లాంటి స్కాన్లు కూడా లెక్కలోకి వస్తాయి.

కిడ్నీల గురించి కూడా విడిగా చెప్పారు. కణితి పక్కకు పాకి మూత్రనాళాన్ని నొక్కితే ఆ వైపు కిడ్నీ ఉబ్బుతుంది. అది కనబడిందంటే కనీసం 3బి స్టేజీ. చాలా మంది నడుం నొప్పి, కాలు వాపు వయసు వల్ల అనుకుంటారు. పెద్దమ్మకు కిడ్నీలు బాగానే ఉన్నాయి. కుడి పక్క గోడ వైపు కొంచెం పాకింది, కటి భాగంలో ఒక గ్రంథి పట్టుకుంది, పై గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి, ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకల్లో ఏమీ లేదు. స్టేజీ 3సి1, అంటే కటి భాగం గ్రంథుల దాకా వచ్చి పై గ్రంథులకు పోనిది.

శరీరంలోని కారణాలు ఇవి. కానీ మేడమ్ ఇక్కడితో ఆపలేదు. "మా దగ్గరికి వచ్చేటప్పటికే పాకి ఉండటానికి అన్నిటికన్నా పెద్ద కారణం, ముందు ఎవరూ చూడకపోవడం" అన్నారు. వయసు మళ్లిన ఆడవాళ్లలో ఆలస్యంగా బయటపడటం ఎక్కువ. నెలసరి ఆగిపోయాక గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లే పనే లేదనుకుంటాం. పైగా ఈ కేన్సర్ ఎక్కువగా మొదలయ్యే, కణాలు మారే భాగం ఆ వయసులో ముఖద్వారం గొట్టం లోపలికి జరిగిపోతుంది, వెనిగర్ లాంటి ద్రావణం పూసి తెల్లమచ్చ కోసం చూసే పరీక్షలో కూడా సరిగా కనబడదు. డబ్బు, బీమా కూడా కారణమే. అమెరికాలోనే, బీమా లేని ఆడవాళ్లలో ఈ కేన్సర్ ముదిరిన స్టేజీలో బయటపడటం ఎక్కువని వాళ్ల కేన్సర్ రిజిస్ట్రీల లెక్కలు చెప్తున్నాయి. మన ఊళ్లలో బస్సు చార్జీ, ఒక రోజు కూలి, ఇంట్లో మగవాళ్లకు చెప్పుకోలేని సిగ్గు, ఇవన్నీ కూడా కలుస్తాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఈ కేన్సర్ వచ్చే ముప్పు ఆరు రెట్లు ఎక్కువ, అందుకని ఆ రక్తపరీక్ష కూడా అడిగారు. పెద్దమ్మను అనుమానించి కాదని, అందరికీ చేస్తామని చెప్పి మరీ అడిగారు.

పెద్దమ్మ అన్నీ విని, "గప్పుడే చూపిస్తే గింత దాక రాకపోవునా?" అంది. మేడమ్ దాటవేయలేదు. "నిరుడు చూసుంటే తక్కువే ఉండేదేమో అమ్మా. కానీ ఇది మీ తప్పు కాదు. మీరు చూపించుకున్నరు, అక్కడ సరిగ్గా చూడలేదు" అన్నారు. ఇంతకన్నా న్యాయమైన జవాబు నేను ఏ డాక్టర్ నోటా వినలేదు.

తర్వాత నేను విడిగా, బతికే అవకాశం ఎంత అని మేడమ్‌ను అడిగాను. అమెరికా లెక్కలు చెప్పారు: ముఖద్వారంలోనే ఉండగా పట్టుకుంటే అయిదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు 90 శాతం దాకా, చుట్టుపక్కలకీ గ్రంథులకీ పాకితే 60 శాతం దాకా, దూరపు అవయవాలకు పోతే 20 శాతం దరిదాపుల్లో. "ఇవి లక్షల మంది లెక్కలు, మీ పెద్దమ్మది ఒక్క మనిషి లెక్క. మనం నయం చేయాలనే ఉద్దేశంతోనే చికిత్స చేస్తున్నాం" అన్నారు. అబద్ధపు ధైర్యం చెప్పకుండా, భయపెట్టకుండా చెప్పిన తీరు నాకు నచ్చింది.

చికిత్స గురించి క్లుప్తంగా. అయిదు వారాల పాటు సోమవారం నుంచి శుక్రవారం దాకా బయటి నుంచి రేడియేషన్, మా వాళ్ల మాటలో కరెంటు పెట్టడం. వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే మందుతో కీమో. చివర్లో లోపలి నుంచి రేడియేషన్ ఇచ్చే బ్రాకీథెరపీ. మొత్తం ఎనిమిది వారాల్లోపు పూర్తవ్వాలి, మధ్యలో ఆపితే ఫలితం తగ్గుతుందని గట్టిగా చెప్పారు. రక్తం తక్కువగా ఉందని ముందు ఎక్కించారు.

లోపాలు ఇంకా ఉన్నాయి. రిపోర్టులన్నీ ఇంగ్లీషులోనే. మేడమ్ బొమ్మ గీసి చెప్పకపోతే పెద్దమ్మకు ఒక్క ముక్క కూడా అర్థమయ్యేది కాదు. స్టేజీ, కణం రకం, గ్రంథులు, చికిత్స, ఈ నాలుగూ తెలుగులో రాసిన ఒక కాగితం ఇస్తే ఎంత బాగుంటుంది! మేడమ్‌కు చెప్తే మేనేజ్‌మెంట్‌కు రాయమన్నారు, రాశాను. కౌన్సెలర్ మధ్యాహ్నం దాకానే ఉంటుంది, మా లాంటివాళ్ల నంబరు వచ్చేసరికి వెళ్లిపోతుంది. ఆరోగ్యశ్రీ డెస్కు ఇంకో బ్లాకులో ఉంది, ఓపీలో ఎవరూ దాని గురించి తమంతట తాము చెప్పరు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు. అర్హత ఉందో లేదో మొదటి రోజే కనుక్కోండి. ప్రైవేట్ ఖర్చు భరించలేకపోతే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రి ఉంది.

పెద్దమ్మ కోడలికి ముప్పై అయిదేళ్లు. మేడమ్ ఆమెను కూడా తీసుకురమ్మని తనే అడిగారు, ప్యాకేజీ అమ్మడానికి కాదు. మన ప్రభుత్వ కార్యక్రమంలో ముప్పై నుంచి అరవై అయిదేళ్ల ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి ఈ కేన్సర్ కోసం ముందస్తు పరీక్ష చేయాలని ఉంది కాబట్టి, ఊళ్లో ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా చేయించమన్నారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్‌లో (ఇప్పటి ధారాశివ్) లక్ష మందికి పైగా ఆడవాళ్ల మీద జరిగిన అధ్యయనం గురించి చెప్పారు. 2009లో అచ్చయిన ఆ ఫలితాల్లో, ఒక్కసారి హెచ్‌పీవీ (ఈ కేన్సర్ తెచ్చే వైరస్) పరీక్ష చేసిన ఊళ్లలో ముదిరిన కేన్సర్లు, చావులు రెండూ దాదాపు సగానికి తగ్గాయి. ఒక్కసారి చేస్తేనే! పెద్దమ్మ కోడలు పరీక్ష చేయించుకుంది, ఏమీ లేదని వచ్చింది. నా కూతురికి పన్నెండేళ్లు, దానికి హెచ్‌పీవీ టీకా మొదటి డోసు వేయించాను.

నా రేటింగ్ అయిదుకు నాలుగు. డాక్టర్‌కు, నర్సమ్మకు అయిదుకు అయిదు. కౌంటర్‌కు, స్క్రీన్‌కు, ఎంఆర్‌ఐ దగ్గర గదికి కోత.

వెళ్లేవాళ్లు వేరే చోట బయాప్సీ చేయించి ఉంటే రిపోర్టు ఒక్కటే చాలదు. ఆ ల్యాబ్ నుంచి స్లైడ్లు, మైనం బ్లాకులు కూడా అడిగి తెచ్చుకోండి, ఇక్కడ మళ్లీ చూస్తారు. షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) కొత్తవి చేయించుకుని వెళ్తే ఒక పూట కలిసొస్తుంది. సోమవారం రద్దీ చాలా ఎక్కువ, బుధవారం గానీ గురువారం గానీ పొద్దున్నే టోకెన్ తీసుకోండి. పేషెంటుతో ఒక ఆడమనిషి తప్పకుండా వెళ్లండి, పరీక్ష గదిలోకి ఒకరిని వెంట రానిస్తారు.